విచారణయు, విచారమును

రాజమహేంద్రవరమునుండి గోకవరము పోవు బాటలో సుమారు ఇరువది కిలోమీటర్ల దూరమున కోరుకొండ కలదు. కొండమీద లక్ష్మీనరసింహస్వామి వెలసియున్నాడు. ఏటేట ఫాల్గుణ శుద్ధ ఏకాదశినాడు స్వామికి కల్యాణోత్సవము జరుగును. ఆ దినములలో ఊరిబాట జనముతో క్రిక్కిరిసియుండును. తక్కిన దినములలో ఆ బాటకు ప్రాణము పోయునవి ఆటోలు. బడిపిల్లలు, కూరగాయల తట్టలు, ఆసుపత్రికి పోవు ముసలివారు, పట్టణములోని దుకాణములలో పనిచేయు ఆడపిల్లలు, అందరును వానిలోనే పోవుదురు, వానిలోనే వత్తురు.

మా వీధి చివర నుండు ఒక ఆటో చోదకుడు ఒకనాటి సాయంకాలము మా అరుగుపై వచ్చి కూర్చుండెను. ముప్పది యేండ్లు నిండనివాడు. పదవ తరగతితో చదువు మాని, అప్పుచేసి ఆటో కొని, దానితోనే ఇల్లు నడుపుకొనుచున్నవాడు. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగిత మొకటి యుండెను.

“మాస్టారండీ, ఇదేంటో కాస్త చదివిపెట్టండి. ఇంగ్లీషులో ఉందండి. పోలీసువారు నా లైసెన్సు తీసుకుని ఇరవై రోజులైంది. ఇప్పుడిదొచ్చింది” అనెను.

చదివితిని. అది లైసెన్సు అధికారి పంపిన నోటీసు. ఫలానా తేదీన బడిపిల్లలను ఎక్కించుకొని బండి నడుపుచు సెల్‌ఫోనులో మాటలాడుచుండగా పట్టుబడితివి. నీ లైసెన్సును ఏల నిలుపుదల చేయరాదో ఫలానా దినమున కార్యాలయమునకు వచ్చి చెప్పుకొనవలసినది అని దాని సారాంశము. తెలుగున విప్పి చెప్పితిని.

“రమ్మన్నారా? ఎందుకండీ రమ్మనడం? మూడు నెలలంట కదా. వేసేదేదో వేసేస్తే పోయె. నేను వెళ్లి ఏం చెబుతానండి? ఒక పూట పని దండగ” అనెను.

“పని యనుచున్నావు. ఈ ఇరువది దినములును బండి తోలుచునే యున్నావా?” అని అడిగితిని.

“ఆయ్. రసీదిచ్చారు కదండీ.”

ఆ రసీదు లైసెన్సు తీసికొన్నామనుటకు గుర్తు మాత్రమే యనియు, లైసెన్సు తిరిగి చేతికి వచ్చువరకు దానిని చూపి బండి నడుపుటకు వీలులేదనియు చట్టములో స్పష్టముగా నున్నదని చెప్పగా వాని ముఖము వాడిపోయెను. కాని వాడు మొదట అడిగిన ప్రశ్న నన్ను విడువలేదు. శిక్ష ఎంతయో ముందే తెలిసియున్నప్పుడు పిలిచి వినుట ఎందులకు? ముప్పది యేండ్లుగా పాఠములు చెప్పినవాడనై యుండియు నాటి సాయంకాలము వానికి సరియైన సమాధాన మీయలేకపోతిని. తరువాత నాకు తోచినదానిని ఉపాధ్యాయ సోదరుల ముందును, విద్యార్థుల ముందును ఉంచుచున్నాను.

చట్టము ఏమనుచున్నది?

మన దేశమున మోటారు వాహనముల చట్టము 1914లో వచ్చెను. దాని స్థానమున 1939లో వేరొకటి, దాని స్థానమున 1988లో నేటి చట్టము ఏర్పడెను. ఇది 1989 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. దీనిలోని 19వ సెక్షను ప్రకారము లైసెన్సు అధికారి ఒకని లైసెన్సును కొంతకాలము చెల్లకుండ చేయవచ్చును, లేదా పూర్తిగ రద్దు చేయవచ్చును. త్రాగుడునకో మాదకద్రవ్యములకో బానిసయైనవాడు, నేరము చేయుటకు వాహనమును వాడినవాడు, వెనుకటి నడవడినిబట్టి బాటపై జనులకు అపాయము తెచ్చునని తేలినవాడు, మోసముచేసి లైసెన్సు పొందినవాడు ఈ సెక్షనుకు లోబడుదురు. 1989 నాటి కేంద్ర నియమావళిలోని 21వ నియమము మరికొన్ని చేతలను పేర్కొనుచున్నది. ప్రయాణికులపై చేయిచేసికొనుట, సరకు బండిలో మితిమీరి బరువు నింపుట, హద్దుమీరిన వేగము, ప్రయాణికుల బండి నడుపుచు పొగత్రాగుట, తోలుచు ఫోనులో మాటలాడుట మున్నగునవి వానిలో కొన్ని.

2019లో వచ్చిన సవరణ చట్టము దీనిని మరింత బిగించెను. అతివేగము, అపాయకరమైన తోలకము, త్రాగి నడుపుట వంటి కొన్ని నేరములు జరిగినట్లు పోలీసు అధికారి నమ్మినచో అక్కడికక్కడే లైసెన్సును తీసికొని లైసెన్సు అధికారికి పంపవలెను. చేత ఫోను పట్టుకొని నడుపుట అపాయకరమైన తోలకములోనే చేరియున్నది. అంతట లైసెన్సు అధికారి చోదకుని పిలిచి విని, తప్పులేదని తోచినచో విడిచిపెట్టవచ్చును. ఉన్నదని తోచినచో మొదటిసారికి మూడు నెలలు అనర్హుని చేయవచ్చును. తిరిగి అదే పనిచేసినచో లైసెన్సు రద్దు.

ఈ సెక్షనులో నా మనస్సున కెక్కిన మాటలు రెండున్నవి. ఉత్తరువు చేయుటకు పూర్వము లైసెన్సుదారునకు తన మాట చెప్పుకొను అవకాశ మీయవలెననుట ఒకటి. ఉత్తరువు చేసినచో దానికి కారణములను వ్రాతలో పెట్టవలెననుట రెండవది. మొదటిది చెవికి విధించిన ధర్మము, రెండవది చేతికి. చెవి వినవలెను, చేయి వ్రాయవలెను. ఈ రెండును జరిగిన తరువాత కూడ తనకు అన్యాయము జరిగినదని తలచినవాడు ఉత్తరువు అందిన 30 దినములలోపల అప్పీలు చేసికొనవచ్చును.

ఇచ్చట ఒక భేదమును గమనింపవలెను. న్యాయస్థానము వేరు, ఈ విచారణ వేరు. ఇందు నల్లకోట్లు లేవు, బోను లేదు. బల్లకు ఆవల ఒక అధికారి, ఈవల ఒక చోదకుడు. న్యాయస్థానము గడచినదానిని చూచి, జరిగిన తప్పునకు శిక్ష ఎంతయని అడుగును. లైసెన్సు అధికారి రేపటిని చూచి, ఈ మనుష్యుని చేతికి మరల బాటను అప్పగింపవచ్చునా యని అడుగును. మొదటి ప్రశ్నకు సాక్షులు సమాధానము చెప్పగలరు. రెండవ ప్రశ్నకు చాలవరకు ఆ మనుష్యుడే సమాధానము. వానిని చూడక, వాని నోట వినక, కాగితములను మాత్రమే చూచి ఆ తీర్పు చెప్పుట మనిషిని చూడక వైద్యుడు మందు వ్రాసినట్లుండును.

లైసెన్సును తీసికొను అధికారము ఎవరిది అను ప్రశ్నయు చిన్నది కాదు. పట్టుకొన్నవాడే తీర్పు చెప్పరాదని మన పెద్దల మాట. పోలీసు అధికారి లైసెన్సును తీసికొని పంపవచ్చునే గాని, తానే దానిని నిలిపివేయజాలడని కలకత్తా హైకోర్టు 2022లో తీర్పు చెప్పెను.

బండి తోలినవాని కథలు

సారథి తప్పును విచారించుట మోటారుతో పుట్టిన క్రొత్త విద్య కాదు. వేదవాఙ్మయములో త్ర్యరుణుడను ఇక్ష్వాకు రాజు కథ కలదు. రాజు రథముమీద పోవుచుండగా పురోహితుడైన వృశుడు పగ్గములు పట్టెను. రథచక్రము క్రింద ఒక బ్రాహ్మణ బాలుడు పడెను. తప్పు పగ్గములు పట్టిన నీదని రాజనెను. రథము నీది గనుక తప్పును నీదేయని పురోహితుడనెను. వివాదము ఇక్ష్వాకుల పెద్దలయొద్దకు పోయెను. వారు పగ్గములు పట్టినవానిదే తప్పనిరి. పురోహితుడు మంత్రబలముతో బాలుని బ్రతికించి, పక్షపాతపు తీర్పని కోపించి వెడలిపోయెను. అంతట ఆ యింటివారి పొయ్యిలలో నిప్పునకు వేడి లేకపోయెనట! తీర్పు సరిగా లేనిచోట అన్నము ఉడకదని ఆ కథ చెప్పుచున్నట్లు నాకు తోచును. చోదకుని యింటి పొయ్యిని తలచుకొన్నపుడు ఆ మాట మరింత సూటిగా తగులును.

మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయములో బండ్ల ప్రమాదములను గూర్చి కొన్ని శ్లోకములున్నవి. ముకుతాడు త్రెగినను, కాడి విరిగినను, ఇరుసు విరిగినను, చక్రము విరిగినను, పగ్గము త్రెగినను, “తప్పుకొనుడు” అని తోలువాడు కేకవేసియున్నను దండనము లేదని ఇట్లు పది సందర్భములను లెక్కించి చెప్పుచున్నది. అనగా ప్రమాదము జరిగినంతనే శిక్ష కాదు. ఎట్లు జరిగినదో విచారించిన పిదపనే. అటుపై తోలుట సరిగా రానివాని చేతికి బండి ఇచ్చినచో యజమానికి 200 పణముల దండనము. నేర్పుగలవాడు అజాగ్రత్త చేసినచో వానికే దండనము. అంతటితో నిలువక, తోలుట రానివాని బండి ఎక్కిన ప్రయాణికులకును తలకు నూరు పణములు విధించినది.

ఈ కడపటి మాటయొద్ద నేను చాలసేపు ఆగితిని. ఒక ఆటోలో ఏడుగురు పిల్లలను క్రుక్కి బడికి పంపుచున్నది ఎవరు? చోదకుడు ఒక్కడేనా? నెలకు నూరు రూపాయలు కలిసివచ్చునని ఆ బండినే కుదుర్చుకొను తల్లిదండ్రులు, బడి వాకిట అది వచ్చి ఆగుటను దినదినము చూచు ఉపాధ్యాయులు, ఎక్కి కూర్చుండు మనమందరము ఆ విచారణలో కనబడని ప్రతివాదులమే. బండి అప్పగించిన పెద్దల బాధ్యతను నేటి చట్టమును గుర్తించినది. పదునెనిమిదేండ్లు నిండని బాలుడు వాహనము నడిపి నేరముచేసినచో, 2019 సవరణ ప్రకారము, సంరక్షకునికి గాని వాహన యజమానికి గాని మూడేండ్ల వరకు జైలుశిక్షయు 25,000 రూపాయల జరిమానాయు పడవచ్చును. ఆ బాలునకు 25 ఏండ్లు నిండువరకు లైసెన్సు పొందు అర్హత యుండదు. మోటారుసైకిలు తాళముచెవికై తండ్రిని వేధించు విద్యార్థులు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొందురు గాక.

కుక్కపిల్ల చెప్పిన పాఠము

వినక శిక్షించుటను గూర్చి మన తెలుగువారికి వేరొకరు చెప్పవలసిన పని లేదు. గోదావరి ఒడ్డున రాజరాజనరేంద్రుని కొలువులో నన్నయభట్టు పదునొకండవ శతాబ్దమున భారతమును తెనిగింప మొదలిడెను. ఆదిపర్వములో కథ ఆరంభమగుచుండగనే మనకు ఎదురగునది ఒక కుక్కపిల్ల. జనమేజయుడు సత్రయాగము చేయుచుండ, దేవతల కుక్కయగు సరమ కొడుకు అచ్చటికి ఆడుకొన వచ్చెను. రాజు తమ్ములు దానిని కొట్టిరి. అది ఏడ్చుచు తల్లియొద్దకు పోయెను.

సంస్కృత భారతములో తల్లి వెంటనే కొడుకు పక్షము వహింపదు. నీవేదో తప్పు చేసియుందువని మొదట వానినే అడుగును. తాను హవిస్సును నాకలేదు, దానివంక చూడనైనలేదు అని వాడు చెప్పిన తరువాతనే ఆమె రాజసభకు పోవును. గమనింపుడు! ఆ కథలో విచారణ జరిపినది రాజపుత్రులు కారు, ఒక కుక్క. సభలో ఆమె అడిగిన ప్రశ్నకు వారియొద్ద సమాధానము లేకపోయెను. మంచిచెడ్డలు తలపక బలహీనులకు కీడు చేయువారికి కారణము తెలియని భయములు వచ్చునని చెప్పి ఆమె వెడలిపోయెను. అంత పెద్ద గ్రంథమునకు వ్యాసుడు వాకిటనే ఆ కుక్కపిల్లను నిలుపుటలో ఏదో భావమున్నదని నేను పాఠము చెప్పునపుడెల్ల అనుకొందును.

ఇతర దేశములవారును ఈ ధర్మమును చాల కాలముక్రిందటనే గుర్తించిరి. ఇంగ్లాండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము రిచర్డు బెంట్లీయను మహాపండితుని పట్టములను ఆయన మాట వినకయే తీసివేసెను. 1723లో న్యాయస్థానము అది చెల్లదనెను. ఆదామును తోటనుండి వెడలగొట్టుటకు పూర్వము దేవుడు సైతము వానిని పిలిచి అడిగెనని ఆ సందర్భమున ఒక న్యాయాధిపతి చెప్పిన మాట ప్రసిద్ధమైనది. ఇది ఒక విద్యాసంస్థ చేసిన తప్పునుండి పుట్టిన తీర్పనుట అధ్యాపకులమైన మనము మరువరానిది.

మన దేశమున 1978లో మేనకాగాంధీ పాసుపోర్టు వ్యవహారములో సుప్రీంకోర్టు, ప్రభుత్వము ఒకరి స్వేచ్ఛను తగ్గించునపుడు అనుసరించు పద్ధతి న్యాయముగా, సహేతుకముగా నుండవలెననియు, వారి మాటను వినుట అందులో భాగమనియు చెప్పినది. పాసుపోర్టు విదేశములకు పోవువారి సంగతి. లైసెన్సు కోరుకొండనుండి రాజమహేంద్రవరము పోవువాని సంగతి. సూత్రము రెంటికిని ఒక్కటియే.

లైసెన్సు విషయముననే అమెరికాలో 1971లో ఒక తీర్పు వచ్చెను. జార్జియా రాష్ట్రములో మూడు పల్లెల మధ్య తిరిగి మతసేవ చేయు ఒక క్రైస్తవాచార్యుని కారు ప్రక్కకు ఐదేండ్ల బాలిక సైకిలుతో వచ్చి తగిలెను. ఆయన కారునకు భీమా లేదు. పరిహారపు సొమ్మునకు పూచీ కట్టని పక్షమున లైసెన్సు పోవునని అధికారులనిరి. నా తప్పు లేదని చెప్పుకొందును, వినుడు అని ఆయన కోరగా, దానితో మాకు పనిలేదనిరి. బ్రతుకుతెరువునకు లైసెన్సు అవసరమైనపుడు, తప్పు ఎవరిదో కొంతయైన విచారింపక దానిని తీసివేయరాదని ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను.

చనిపోయినవారి మాట ఎవరు విందురు?

ఇంతవరకు చెప్పినది చోదకుని పక్షము. రెండవ పక్షము కూడ నున్నది. అది మాటలాడలేని పక్షము.

కేంద్ర ప్రభుత్వపు లెక్కల ప్రకారము 2022వ సంవత్సరములో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. అనగా దినమునకు 460 మందికి పైగా. వీరిలో ఏ ఒక్కరికిని నోటీసు రాలేదు. నీ ప్రాణమును ఏల తీయరాదో వచ్చి చెప్పుకొనుమని ఎవరును పిలువలేదు. ఈ దుఃఖమును చూచియే, సుప్రీంకోర్టు నియమించిన రోడ్డు భద్రతా సంఘము 2015లో రాష్ట్రములకు గట్టి ఆదేశములిచ్చెను. ఆ సంఘమునకు అధ్యక్షుడు జస్టిస్ కె. ఎస్. రాధాకృష్ణన్. అతివేగము, ఎఱ్ఱదీపమును దాటిపోవుట, సరకు బండ్లలో అధిక భారము, సరకు బండ్లలో మనుష్యులను ఎక్కించుట, తోలుచు ఫోను మాటలాడుట, త్రాగి నడుపుట, ఈ తప్పులకు కనీసము మూడు నెలలు లైసెన్సు నిలిపివేయవలెనని అందులో నున్నది. తెలంగాణ ప్రభుత్వము 2017లో తప్పులకు మార్కులు వేయు పద్ధతిని ప్రవేశపెట్టెను. రెండేండ్లలో 12 మార్కులు చేరినచో ఏడాది లైసెన్సు నిలిచిపోవునని నిబంధన. మంచి చదువునకు మార్కులు వేయు ఉపాధ్యాయులకు ఈ చెడ్డ మార్కుల సంగతి వింతగ తోచవచ్చును.

వినుట మంచిదే, కాని విచారణ ముగియువరకు త్రాగుబోతును బాటమీద తిరుగనిత్తుమా? ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. అమెరికా సుప్రీంకోర్టే 1979లో మసాచుసెట్సు రాష్ట్రపు వ్యవహారములో, శ్వాస పరీక్షకు నిరాకరించినవాని లైసెన్సును ముందుగ నిలిపివేసి, విచారణను తరువాత చేసినను తప్పులేదనెను. కాని లైసెన్సును అప్పగించిన వెంటనే విచారణ దొరకు ఏర్పాటు అచ్చట నుండుట ఆ తీర్పునకు ఒక ఆధారము. అట్లైనను తొమ్మిదిమంది న్యాయాధిపతులలో నలుగురు ఒప్పుకొనలేదు.

నా దృష్టిలో చిక్కు అంతయు ఆ “వెంటనే” అను మాటలో నున్నది. మన చట్టము ఉత్తరువునకు పూర్వము విచారణ యుండవలెననుచున్నది. కాని లైసెన్సు పత్రము అంతకుముందే చేయిజారిపోవుచున్నది. రసీదు చూపి బండి తోలుటకు వీలులేదు. కనుక పట్టుబడిన దినమునకును విచారణ దినమునకును నడుమ గడచిన ప్రతిదినమును, పేరు పెట్టని శిక్షయే. ఇల్లుగల ఉద్యోగి ఆ దినములను బస్సులో గడుపును. దినకూలిపై బ్రతుకు చోదకుడు ఏమిచేయును? పస్తుండవలెను, లేదా మావాని వలె తెలిసియో తెలియకయో చట్టమును మరల దాటవలెను. నెలలు గడచిన పిదప జరుపు విచారణ, పెండ్లి అయిన తరువాత జాతకములు చూచుట వంటిది. బాటమీది పిల్లల ప్రాణమునకై లైసెన్సును వెంటనే తీసికొనుడు. అంత త్వరగానే ఆ మనుష్యుని పిలిచి వినుడు. ఒకదానికి తొందర యున్నపుడు రెండవదానికిని ఉండవలెను గదా!

ఏడుగురి పేర్లు

విచారణ దినము వచ్చెను. నేనును వెంట పోతిని. ముందునాటి రాత్రి వాని తరఫున రెండు పుటల విన్నపము వ్రాసి జేబులో పెట్టుకొంటిని. వాని పేదరికమును, భార్య నిండుచూలాలగుటను, అప్పు వాయిదాలను కరుణరసము ఉట్టిపడునట్లు వర్ణించితినని నాకు కొంత గర్వముగా నుండెను.

చిన్న గది. బల్లమీద రబ్బరు పట్టీలు చుట్టిన లైసెన్సుల కట్టలు. అధికారిణి నడివయస్సున నున్న స్త్రీ. కాగితమునుండి తల యెత్తి, “ఏం బాబూ, ఫోను మాట్లాడావా?” అని అడిగెను.

మావాడు నావంక చూచెను. నేను జేబులో చేయి పెట్టితిని. అంతలో వాడే చెప్పెను: “మాట్లాడానండి. మా ఆవిడకి నెలలు నిండాయండి. ఆస్పత్రి నుంచి ఫోనొస్తే ఆగలేకపోయాను.”

“బండి పక్కన ఆపి మాట్లాడచ్చు కదా?”

“ఆపచ్చండి. ఆపలేదు.”

“బండిలో పిల్లలెంతమంది?”

వాడు కొంతసేపు ఊరకుండెను. “ఏడుగురండి.”

“వాళ్ల పేర్లు తెలుసా?”

ఈ ప్రశ్నను నేను ఎదురుచూడలేదు. వాడు వేళ్లమీద లెక్కించుచు చెప్పసాగెను. దినమును వారిని ఇంటిముందు ఎక్కించుకొని, పేరుపెట్టి పిలుచువాడు గనుక అన్నియు వచ్చును. నాలుగవ పేరునొద్ద వాని గొంతు పట్టుకొనెను. ఆ పిల్ల వాని అక్క కూతురు. తక్కిన మూడు పేర్లను ఆమె అడుగలేదు.

ఇది మొదటి తప్పని తేల్చి, ఒప్పుకొన్న సంగతిని, చెప్పిన కారణమును, ఆ కారణము ఏల చాలదో కూడ నాలుగు పంక్తులలో వ్రాసి, మూడు నెలలు లైసెన్సు చెల్లదని ఆమె ఉత్తరువు చేసెను. అప్పీలు గడువు సంగతి తానే చెప్పెను. నా రెండు పుటల కరుణరసము జేబులోనే ఉండిపోయెను.

తిరిగి వచ్చుచుండగా వాడు చాల దూరము మాటలాడలేదు. కోరుకొండ కొండ కనబడుచుండగా మెల్లగా అనెను: “మూడు నెలలు మా బావమరిది తోలతాడులెండి. వాడికి లైసెన్సుంది. కానీ మాస్టారండీ, ఆవిడ పేర్లడిగింది చూశారా...” అంతటితో ఆగిపోయెను.

నాటి సాయంకాలము వాడడిగిన ప్రశ్నకు సమాధానము నాకప్పుడు దొరకెను. శిక్ష ముందే తెలిసినదై యుండవచ్చును. అయినను పిలిచి వినుట రెండు పనులను చేయును. తప్పు చేయనివాడు తప్పించుకొనుటకు దారి చూపును. తప్పు చేసినవానికి తన నోటితోనే తన తప్పును వినిపించును. కాగితముమీద వచ్చిన మూడు నెలలు వానికి జరిమానావంటిదే, తిట్టుకొని మరచిపోవును. ఏడుగురి పేర్లు చెప్పి తెచ్చుకొన్న మూడు నెలలు వేరు. విచారణలో వినువాడు అధికారి ఒక్కడే యని మనము తలంతుము. చెప్పువాడును వినును.

మన తెలుగులో “విచారించు” అను మాటకు రెండర్థములున్నవి. ఆరాతీసి తెలిసికొనుట ఒకటి, దుఃఖించుట మరియొకటి. ఆలోచించుట అను సంస్కృతార్థమునుండి మనవారు ఈ రెంటిని ఎట్లు సాధించిరో గాని, ఆ రెంటికిని చుట్టరికమున్నదని నాడు తెలిసికొంటిని. సరియైన విచారణకు చివర ఎవరికో కొంత విచారము కలుగును. అది చోదకునకు కలుగవచ్చును, అధికారికి కలుగవచ్చును, వెంటబోయిన మాస్టారికిని కలుగవచ్చును.

నాకు కలిగినదానిని చెప్పి ముగింతును. చాల సంవత్సరముల క్రిందట నేను ఒక పరీక్షాశాలలో పర్యవేక్షకుడనై యుంటిని. ఒక విద్యార్థి కాలిక్రింద చీటీ కనబడెను. వానిని లేపి బయటకు పంపితిని. “సార్, నాది కాదు సార్” అని రెండుమారులు అనెను. అందరును అట్లే అందురని నేను వినలేదు. ప్రక్క బల్లనుండి ఆ చీటీ గాలికి వచ్చి పడెనని తరువాత తెలిసెను. అప్పటికి ఆ పరీక్ష ముగిసెను. ఆ పిల్లవాడు మరల కళాశాలకు రాలేదు. వానికి అప్పీలు లేకపోయెను. నేను కారణములు వ్రాయను లేదు.

ఉపాధ్యాయులమైన మన బల్లకు ఈవల దినమును ఎందరో చిన్న చోదకులు నిలుచుచుందురు. ఆలస్యముగా వచ్చినవాడు, పాఠము వ్రాయనివాడు, చీటీ దొరకినవాడు. మనకు లైసెన్సులను నిలుపు అధికారము లేదుగాని, చదువును నిలుపు అధికారము చాలవరకున్నది. శిక్షింపవద్దని నేననను; ఏడుగురు పిల్లలు ఎక్కిన బండిని ఆపవలసినదే. ఐనను శిక్షించుటకు పూర్వము ఒక్క నిమిషము ఆగి, “ఏం జరిగింది బాబూ?” అని అడుగుదము. అడిగి, సమాధానము వచ్చువరకు నిలుతము.